పగడాల తొట్టి: సున్నం లెక్క తెలిస్తే సగం పని అయినట్టే

లైట్లు ఆరిపోయిన గంటకు చిన్న ఎర్ర టార్చి వేసి చూస్తే, తొట్టిలో పగలు కనిపించని సంసారం ఒకటి కనిపిస్తుంది. పొద్దంతా ముడుచుకుని ఉన్న పగడం నోళ్ళు తెరుచుకుని, దారాల్లాంటి చేతులు చాచి, నీళ్ళలో కొట్టుకొచ్చే మేతను పట్టుకుంటూ ఉంటుంది. రాళ్ళ సందుల్లోంచి ముళ్ళ పురుగులు బయటికొచ్చి ఇసుక మీద మిగిలింది ఏరుకుంటాయి. చాలామంది ఈ దృశ్యానికి పడిపోయే ఇందులోకి దిగుతారు.

దిగేముందు ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుంటే మిగతాదంతా దానికదే అర్థమవుతుంది. రాతి పగడం మొక్క కాదు, రాయీ కాదు. అది సున్నపు ఇల్లు కట్టుకునే జంతువు. నీళ్ళలోంచి కాల్షియం, కార్బొనేట్ తీసుకుని రోజూ కాస్త కాస్త కట్టుకుంటూ పోతుంది. ఆ పనికి కావలసిన తిండిలో ఎక్కువ భాగం దాని ఒంట్లోనే కాపురముండే ఒంటికణపు నాచు, వెలుగుతో వండి పెడుతుంది. అంటే మన వంతుకు వచ్చేవి మూడు: సరుకు, వెలుగు, కదిలే నీళ్ళు. మూడూ ఏ రోజుకారోజు ఒకేలా అందాలి.

తొట్టి, సంప్, కరెంటు పోయినప్పటి పరీక్ష

మొదటి తొట్టికి 200 లీటర్లు మంచి కొలత. చిన్నదైతే సులువనుకుంటారు గానీ వ్యవహారం తలకిందులు. 40 లీటర్ల తొట్టిలో ఒక నత్త చచ్చినా అమ్మోనియా లేస్తుంది, ఒక్కరోజు నీళ్ళు పొయ్యడం మరిచిపోయినా ఉప్పదనం మారిపోతుంది. 90 సెం.మీ. పొడవు, 45 వెడల్పు, 50 ఎత్తు ఉన్న గాజు తొట్టి 200 లీటర్ల దగ్గరకొస్తుంది. నీళ్ళు, రాళ్ళు, ఇసుక, స్టాండు, కింద పెట్టే రెండో తొట్టి (సంప్) అన్నీ కలిపి బరువు 300 కిలోలకు తగ్గదు. స్టాండు మీద రసమట్టం పెట్టి చూశాకే తొట్టి ఎక్కించండి. నీళ్ళు నింపాక సరిచెయ్యడం అయ్యే పని కాదు. కిటికీ ఎండ తగిలే చోటు వద్దు.

స్టాండు లోపల 60 నుంచి 80 లీటర్ల సంప్ పెడితే హీటర్, ప్రొటీన్ స్కిమ్మర్ (నురుగుతో నీళ్ళలోని మడ్డిని వేరుచేసేది), పంపు అన్నీ కంటికి కనిపించకుండా అందులో కూర్చుంటాయి. పై తొట్టిలో నీళ్ళు ఓవర్‌ఫ్లో పైపు గుండా కిందికి దిగుతాయి, పంపు వాటిని మళ్ళీ పైకి పంపుతుంది. ఇక్కడ అందరూ చేసే తప్పు ఒకటుంది. కరెంటు పోగానే పంపు ఆగుతుంది, పైకి వెళ్ళే పైపు సైఫన్‌లా పనిచేసి పై తొట్టి నీళ్ళను వెనక్కి లాగుతుంది. పై కొలతలున్న తొట్టిలో నీటిమట్టం 2.5 సెం.మీ. తగ్గితే 10 లీటర్లు కిందికి వచ్చినట్టు. పైపు మూతి 5 సెం.మీ. లోతున ఉందంటే 20 లీటర్లు సంప్‌లోకి దూకుతాయి. అందుకే పైపు మూతిని నీటి పైమట్టానికి ఆనీ ఆననట్టు పెట్టండి, సంప్‌లో ఆ మేరకు ఖాళీ ఉంచండి. వన్‌వే వాల్వు ఉంది కదా అని ధీమా పడొద్దు. అందులో ఒక నత్త ఇరుక్కున్నా, సున్నం పేరుకున్నా అది మూసుకోదు. మామూలు నీళ్ళతో నింపి, పంపు స్విచ్చి నాలుగుసార్లు ఆపి చూశాకే ఉప్పు మాట ఎత్తండి.

ప్రతి ప్లగ్గు తీగనూ సాకెట్ కంటే కిందికి వేలాడేలా వంపు తిప్పి గుచ్చండి. తీగ వెంట జారిన ఉప్పునీటి చుక్క సాకెట్‌లోకి పోకుండా ఆ వంపు దగ్గరే కింద పడుతుంది. లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) తప్పనిసరి. హీటర్ ఒక్కటే 200 వాట్లది కొనే బదులు 100 వాట్లవి రెండు కొనండి. హీటర్లు పాడైతే చాలాసార్లు ఆన్‌లోనే ఇరుక్కుపోతాయి. పెద్దదొక్కటే అలా ఇరుక్కుంటే తెల్లారేసరికి తొట్టి ఉడుకుతుంది, చిన్నదైతే గమనించేంత వ్యవధి ఉంటుంది. వేడి 25 నుంచి 26 డిగ్రీల మధ్య నిలవాలి. ఎండాకాలంలో నీటి మీదుగా ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, దాంతోపాటు నీళ్ళు ఆవిరవడమూ పెరుగుతుంది.

అలల కోసం వేవ్‌మేకర్లు రెండు, ఎదురెదురు మూలల్లో పెట్టండి. రెండింటి శక్తీ కలిపి గంటకు తొట్టి నీళ్ళకు 20 రెట్లు ఉంటే మెత్తని పగడాలకూ పెద్ద నోళ్ళ రాతి పగడాలకూ చాలు. ఆక్రోపోరాలాంటి కొమ్మల పగడాలకు 40 రెట్లు దాటాలి. అంకెల కంటే కన్ను మంచి సాక్షి. పగడం మాంసం అటూ ఇటూ ఊగి మళ్ళీ నిలబడుతోందంటే ప్రవాహం సరిపోయినట్టు. ఒకే పక్కకు వాలి అలాగే ఉండిపోతే అది గాలివానలో నిలబడ్డట్టే.

నీళ్ళు కలపడం

కొళాయి నీళ్ళు పనికిరావు. వాటిలో క్లోరిన్, ఫాస్ఫేట్, సిలికేట్, కొన్నిచోట్ల రాగి కూడా ఉంటాయి. ఆ కాస్త రాగి మనకు ఏమీ కాదు గానీ నత్తలకూ రొయ్యలకూ విషం. ఆర్ఓ పొర దాటాక, మిగిలిన లవణాలను పట్టుకునే డీఐ రెసిన్ కూడా దాటిన నీళ్ళు కావాలి, కరిగిన లవణాలను చూపే టీడీఎస్ మీటరు 0 చూపాలి. మీటరు 1 లేదా 2 చూపడం మొదలెట్టగానే రెసిన్ మార్చండి. రెసిన్ అయిపోవచ్చినప్పుడు ముందు జారిపోయేది సిలికేటే, అది గోధుమరంగు నాచుకు విందు.

రీఫ్ అక్వేరియం ఉప్పు లీటరుకు 35 గ్రాముల లెక్కన మొదలెట్టండి. 20 లీటర్ల బకెట్టుకు 700 గ్రాములు. ఉప్పు తేమ పీల్చుకుని ఉంటుంది కాబట్టి చివరికి 740 దాకా పట్టొచ్చు. ముందు నీళ్ళు, తర్వాత ఉప్పు. నీళ్ళలో చిన్న పంపు తిరుగుతూ ఉండగా ఉప్పును గుప్పెడు గుప్పెడు వెయ్యాలి. ఉప్పు మీద నీళ్ళు పోస్తే అడుగున చిక్కటి ద్రావణం తయారై, కాల్షియం, కార్బొనేట్ అక్కడే పెళ్ళాడి తెల్లటి పొడిగా దిగిపోతాయి. ఆ పొడి మళ్ళీ కరగదు, ఆ బకెట్టు నీళ్ళలో సున్నం సరుకు తగ్గిపోయినట్టే. గంటా రెండు గంటలు తిరిగాక, 25 డిగ్రీల దగ్గర, ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరుతో చూడండి. 35 పీపీటీ (వెయ్యి పాళ్ళలో 35 పాళ్ళ ఉప్పు), సాంద్రత లెక్కలో 1.026, ఉండాలి. రిఫ్రాక్టోమీటరును మంచినీళ్ళతో సున్నాకు పెట్టి వదిలేస్తే 35 దగ్గర తప్పు చూపొచ్చు. 35 పీపీటీ ప్రామాణిక ద్రావణం చుక్క వేసి సరిచేసుకోండి.

తొట్టి నింపేటప్పుడు బకెట్లు లెక్కపెట్టి రాసుకోండి. రాళ్ళూ ఇసుకా చోటు తినేస్తాయి కాబట్టి, 200 లీటర్ల తొట్టీ దాని సంపూ కలిపినా అసలు నీళ్ళు 200 లీటర్ల అటూ ఇటూ తేలతాయి. మోతాదులన్నిటికీ ఆధారం ఆ అంకే.

రాళ్ళు, ఇసుక, ఓపిక

15 నుంచి 20 కిలోల పొడి రాయి చాలు. సముద్రం నుంచి వచ్చిన జీవమున్న రాయి వేగంగా కుదురుతుంది గానీ దాంతోపాటు ఐప్టాసియా (పగడాలను కుట్టే చిన్న ఎనిమోన్) లాంటి తెగుళ్ళూ వస్తాయి. రాళ్ళను ఇసుక మీద కాకుండా నేరుగా అడుగు గాజు మీద పేర్చండి. ఇసుక తవ్వే చేపలు కింద తవ్వినా గుట్ట కూలదు. గాజుకూ రాళ్ళకూ మధ్య నాలుగువైపులా చెయ్యి దూరేంత సందు ఉండాలి, లేకపోతే నాచు గీకడం నరకం. ఆ తర్వాత 1, 2 మి.మీ. రేణువులున్న అరగొనైట్ ఇసుక 3 సెం.మీ. మందాన పరచండి. దానికి సుమారు 18 కిలోలు పడుతుంది. పిండిలాంటి ఇసుక అందంగా ఉంటుంది కానీ అలలకు లేచి పగడాల మీద కూర్చుంటుంది.

ఇక బ్యాక్టీరియా పని. సీసాలో దొరికే బ్యాక్టీరియా పోసి, 200 లీటర్లకు 1.2 గ్రాముల అమ్మోనియం క్లోరైడ్ కరిగించి వేస్తే అమ్మోనియా సుమారు 2 పీపీఎమ్‌కు (పది లక్షల పాళ్ళలో 2 పాళ్ళకు) వస్తుంది. ఒక జాతి దాన్ని నైట్రైట్ చేస్తుంది, ఇంకో జాతి నైట్రేట్ చేస్తుంది. ఈ రోజు వేసిన 2 పీపీఎమ్ అమ్మోనియా రేపు ఈ వేళకు సున్నా అయితే తొట్టి సిద్ధమైనట్టు. దీనికి మూడు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. అన్నాళ్ళూ లైట్లు వెయ్యకండి, మేసేవాళ్ళు లేనప్పుడు నాచుకు వెలుగు విందు ఎందుకు?

లైట్లు వేశాక వికారపు దశ తప్పదు. మొదట గోధుమరంగు ధూళి, రెండు మూడు వారాల్లో అదే పోతుంది. తర్వాత పచ్చటి వెంట్రుక నాచు, దాన్ని నత్తలు మేస్తాయి. ఎర్రటి జిగురు దుప్పటిలా పరుచుకునేది సయనోబ్యాక్టీరియా, గొట్టంతో పీల్చేసి ప్రవాహం పెంచాలి. భయపడాల్సింది డైనోఫ్లాజెలేట్లకు. గోధుమరంగు చీమిడిలా తీగలు సాగి, చివర్లలో గాలి బుడగలు కట్టి, రాత్రికి పలచబడి మధ్యాహ్నానికి మళ్ళీ దట్టమయ్యేది అదే. మేసిన నత్తలు చస్తాయి. విచిత్రం ఏమిటంటే నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా అయిన అతిశుభ్రమైన తొట్టిలోనే ఇది విజృంభిస్తుంది. నీళ్ళు మార్చేకొద్దీ ముదురుతుంది. నీళ్ళు మార్చడం ఆపి, మేత పెంచి, నైట్రేట్‌ను 5 నుంచి 10 పీపీఎమ్‌కూ ఫాస్ఫేట్‌ను 0.05 నుంచి 0.1కీ తెచ్చుకుంటే పోటీ జీవులు పుంజుకుని దాన్ని తొక్కేస్తాయి.

చేపలు

200 లీటర్లకు నాలుగైదు చిన్న చేపలు చాలు. పెంపకంలో పుట్టిన ఆసెల్లారిస్ క్లౌన్ చేపల జంట మొదటి బేరానికి మంచిది. ఇవన్నీ పుట్టుకతో మగవే. రెండు చిన్నవాటిని కలిపి పెడితే పెత్తనం చేసేది ఆడదవుతుంది, జంట కోసం వెతకనక్కర్లేదు. రాయల్ గ్రామా, ఫైర్‌ఫిష్ కూడా సాధువులే, కాకపోతే ఫైర్‌ఫిష్ ఎగిరి దూకుతుంది కాబట్టి పైన వల మూత వెయ్యాలి. టాంగ్ చేపలకు ఈదడానికి ఈ పొడవు చాలదు. మాండరిన్ ఎంత అందంగా ఉన్నా కొనొద్దు. రోజంతా కోపెపాడ్లనే సన్నజీవులను ఏరుకుతినే చేప అది, కొత్త తొట్టిలో కళ్ళముందే ఎండిపోతుంది.

ఏ చేపనైనా నెల రోజులు వేరే తొట్టిలో ఉంచి చూశాకే లోపలికి. సముద్రపు తెల్లమచ్చల జబ్బును తెచ్చే క్రిప్టోకారియాన్ అనే పరాన్నజీవి చేప ఒంటి మీద కొన్నాళ్ళు ఉండి, రాలి, ఇసుకలోనో రాయి మీదో గుడ్డులా ముడుచుకుంటుంది, అది పగిలి బయటికొచ్చిన ఈదే పిల్లలు మళ్ళీ చేపను వెతుక్కుంటాయి. మచ్చలు పోయాయి కదా అనుకునే వారానికి ఎన్నో రెట్ల సంఖ్యలో వస్తుంది. రాగి మందు ఆ ఈదే పిల్లలనే చంపుతుంది, అందుకే చికిత్స వారాల తరబడి సాగాలి. ఆ మందు పగడాల తొట్టిలో చుక్క కూడా పడకూడదు. జబ్బు పెద్ద తొట్టిలోకి వచ్చేసిందంటే చేపలన్నిటినీ పట్టి వేరుచేసి, తొట్టిని రెండున్నర నెలలు చేప లేకుండా ఉంచడమే మార్గం.

పగడాలు అతికించడం

మొదట మష్రూమ్, లెదర్, జోయాంతిడ్ లాంటి మెత్తనివి. రెండు మూడు నెలలు అవి విచ్చుకుని ఉంటే క్యాండీకేన్, హ్యామర్‌లాంటి పెద్ద నోళ్ళవి. కొమ్మల పగడాలకు ఏడాది దాకా ఆగితే డబ్బు మిగులుతుంది. గ్రీన్ స్టార్ పాలిప్‌ను మాత్రం విడిగా ఒక రాయి మీద పెట్టండి, లేకపోతే గడ్డిలా అన్నిటినీ కప్పేస్తుంది. హ్యామర్, టార్చ్ లాంటివాటి చుట్టూ 15 సెం.మీ. ఖాళీ వదలాలి. రాత్రి పొడవాటి చేతులు చాచి పక్కవాళ్ళను కుడతాయి.

జోయాంతిడ్లతో జాగ్రత్త. కొన్నింట్లో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. కోసేటప్పుడు చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు ఉండాలి. అవి అంటుకున్న రాయిని వేడినీళ్ళతో కడగడం, ఉడకబెట్టడం ఎప్పుడూ చెయ్యొద్దు. ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సందర్భాలున్నాయి.

కొత్త ముక్క రాగానే సంచిని 20 నిమిషాలు తొట్టి నీళ్ళ మీద తేలనివ్వండి. ఆ తర్వాత పగడాల డిప్ (పురుగులను రాల్చే మందు) కలిపిన తొట్టి నీళ్ళలో సీసా మీద చెప్పినంతసేపు ముంచి, పిపెట్‌తో నీళ్ళు చిమ్ముతూ ఉంటే చదును పురుగులూ చిన్న నత్తలూ రాలి గిన్నె అడుగున కనిపిస్తాయి. గుడ్లు మాత్రం డిప్పుకు చావవు. అందుకే ముక్క కింద ఉన్న పాత ప్లగ్గును (అది అంటుకున్న చిన్న బిళ్ళను) కటింగ్ ప్లయర్‌తో విరిచేసి కొత్తదానికి అతికించడం మేలు. అతికించేటప్పుడు వేవ్‌మేకర్ ఆపండి. ముక్క అడుగు తుడిచి జెల్ సూపర్ గ్లూ బఠాణీ గింజంత, దాని మీద రెండు భాగాల ఎపాక్సీ బంక ఉండ, దాని మీద మళ్ళీ గ్లూ. నీళ్ళు తగలగానే గ్లూ పైన తెల్లటి తొక్క కడుతుంది, ఆ తొక్క వల్లే చాలామందికి అతుక్కోదు. రాయి మీద పెట్టి కాస్త మెలితిప్పుతూ నొక్కితే తొక్క చిరిగి లోపలి పచ్చి గ్లూ రాయిని పట్టుకుంటుంది. అర నిమిషం పట్టుకుని, పది నిమిషాల తర్వాత అలలు వెయ్యండి.

లైటు నీలం వైపు ఉండాలి, పగడం ఒంట్లోని నాచు బాగా వాడుకునేది 420 నుంచి 460 నానోమీటర్ల వెలుగు. నాచుకు పనికొచ్చే వెలుగును కొలిచే పార్ మీటరు లెక్కలో మెత్తనివాటికి 50 నుంచి 150, కొమ్మలవాటికి 200 నుంచి 350. కొత్త లైటును సగం శక్తితో మొదలెట్టి నాలుగు వారాల్లో పెంచండి. ఒక్కసారిగా పెంచితే పగడం తన నాచును బయటికి గెంటేసి తెల్లబోతుంది. తక్కువైతే గోధుమరంగుకు తిరుగుతుంది, అది అంత తొందరగా చావదు.

సున్నం లెక్క

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష ఆల్కలినిటీ, అంటే నీళ్ళలో కార్బొనేట్ సరుకు ఎంతుందో చెప్పే కొలత. కాల్షియం నీళ్ళలో 420 పీపీఎమ్ దాకా ఉంటుంది కాబట్టి రోజు ఖర్చు దానిలో కనబడదు. ఆల్కలినిటీ నిల్వ మాత్రం చిన్నది, 8 నుంచి 9 డీకేహెచ్ (ఆల్కలినిటీని కొలిచే ప్రమాణం), అందుకని ఖర్చు ముందు ఇక్కడే తేలుతుంది. రెండో రోజుకొకసారి, ఒకే వేళకు చూడండి. సిరంజితో కొలిచి 5 మి.లీ. తొట్టి నీళ్ళు సీసాలో తీసుకుని, రంగు చుక్క వేసి, రియేజెంట్ చుక్క చుక్కా వేస్తూ ఊపాలి. కిట్టు చెప్పిన రంగుకు తిరిగి, ఊపినా వెనక్కి పోని చుక్క దగ్గర ఆగాలి. సిరంజిలో గాలి బుడగ ఉంటే కొలత తప్పుతుంది.

సోమవారం 8.4, బుధవారం 7.8 వచ్చిందనుకోండి. రోజుకు 0.3 ఖర్చు. లీటరు నీళ్ళలో 1 డీకేహెచ్ పెంచడానికి 30 మిల్లీగ్రాముల వంటసోడా కావాలి. 200 లీటర్లకు 6 గ్రాములు. అలాగే పగడం 1 డీకేహెచ్ వాడినప్పుడల్లా సుమారు 7 పీపీఎమ్ కాల్షియం వాడుతుంది. కాబట్టి లీటరు ఆర్ఓ నీళ్ళలో 60 గ్రాముల వంటసోడా ఒక సీసా, లీటరు నీళ్ళలో 52 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్ ఇంకో సీసా కలుపుకోండి. రెండూ ఆహారానికి వాడదగ్గ శుద్ధమైనవే కావాలి. ఏ సీసాలోంచైనా 100 మి.లీ. అంటే ఈ తొట్టికి 1 డీకేహెచ్‌కు సరిపడా సరుకు. 0.3 ఖర్చుకు రోజుకు చెరో 30 మి.లీ. రెండూ ఒకేసారి ఒకేచోట పోస్తే నీళ్ళు పాలలా తెల్లబడతాయి, అదే సున్నం నీళ్ళలోనే రాలిపోవడం. ప్రవాహం బాగా ఉన్నచోట ఒకటి పోసి, కనీసం పావుగంట ఆగి రెండోది పొయ్యండి.

పడిపోయిన ఆల్కలినిటీని ఒకేరోజు లేపాలని చూడకండి, రోజుకు 1 డీకేహెచ్ మించొద్దు. తొట్టి అతిశుభ్రంగా ఉండి ఆల్కలినిటీ 10, 11కు పోతే కొమ్మల చివర్లు కాలినట్టు తెల్లబడతాయి. ఎంత పోసినా కాల్షియం, ఆల్కలినిటీ రెండూ నిలవడం లేదంటే మెగ్నీషియం చూడండి, అది 1300 పీపీఎమ్ దగ్గర ఉండాలి. మెగ్నీషియం తగ్గితే సున్నం పగడానికి అందకముందే హీటరు మీదా పంపు మీదా పేరుకుంటుంది.

ఆవిరైన నీళ్ళకు బదులు సున్నపు తేట పోసే పద్ధతి పాతదీ, నమ్మకమైనదీ. లీటరు ఆర్ఓ నీళ్ళకు 1.5 గ్రాముల కాల్షియం హైడ్రాక్సైడ్ కలిపి, మడ్డి దిగనిచ్చి, పై తేట మాత్రం రాత్రిపూట చుక్కలుగా వదలాలి. కాల్షియం, ఆల్కలినిటీ సరైన పాళ్ళలో రెండూ అందుతాయి, పీహెచ్ కూడా లేస్తుంది. తేట ఘాటు క్షారం, నీటిమట్టం చూసే ఫ్లోట్ ఇరుక్కుని ఒక్కసారిగా దిగితే తొట్టి మొత్తం పోతుంది.

రోజూ ఆవిరయ్యేది నీళ్ళే, ఉప్పు కాదు. అందుకే మట్టం సరిచెయ్యడానికి మంచినీళ్ళే పొయ్యాలి. రోజుకు 3 లీటర్లు ఆవిరైతే ఉప్పదనం అర పీపీటీ ఎక్కుతుంది, నాలుగు రోజులు ఊరెళ్ళి వచ్చేసరికి 37. నీటిమట్టాన్ని తనే చూసుకునే ఏటీఓ, లైటు కంటే ముందు కొనాల్సిన వస్తువు.

వారానికి ఒకసారి 20 లీటర్లు మార్చడం, గాజు గీకడం, స్కిమ్మర్ కప్పు కడగడం. కప్పులో చిక్కటి టీ రంగు మడ్డి దిగుతుంటే స్కిమ్మర్ సరిగ్గా ఉన్నట్టు. కరెంటు పోతే ముందు అయిపోయేది ఆక్సిజన్, వేడి తర్వాత సంగతి. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి దగ్గరుంచుకోండి, ఆ పూట మేత వెయ్యకండి.

మోతాదు మార్చకుండానే ఒకరోజు ఆల్కలినిటీ పెరిగిందనుకోండి, సంతోషించకండి. పగడాలు కట్టడం ఆపేశాయని దానర్థం, కంటికి కనిపించే జబ్బు ఇంకా రెండు మూడు రోజుల దూరంలో ఉంది. మోతాదు ఆపి, వరసగా చూడండి: ఉప్పదనం, వేడి, వేవ్‌మేకర్లు తిరుగుతున్నాయా, కొత్తగా పెట్టిన ఫాస్ఫేట్ రిమూవర్ ఫాస్ఫేట్‌ను సున్నాకు లాగేసిందా, తొట్టిలోని పరికరాల్లో ఏదైనా అయస్కాంతం తుప్పు పట్టిందా. కొమ్మ మొదట్లోంచి చర్మం ఊడి తెల్లటి ఎముక తేలడం మొదలైతే కారణం వెతుకుతూ కూర్చోకుండా, ఊడిన గీతకు ఒక సెం.మీ. పైన ఆరోగ్యంగా ఉన్నచోట కోసి, ఆ ముక్కలను వేరే రాయి మీద అతికించండి. ఊడిన మొదలును తొట్టిలోంచి తీసెయ్యండి.